టీచర్‌గా డిజిటల్ పోర్ట్‌ఫోలియో తయారు చేసుకోవడం ఎలా? మొదటి కాగితం స్కాన్ చేయడం నుంచి లింక్ పంపేదాకా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మా ఇంట్లో కిటికీ పక్కనున్న బీరువా తెరిచి చూస్తే నా పదేళ్ల కాగితాలు తడిసి ముద్దయిపోయి ఉన్నాయి. సర్టిఫికెట్లకు డూప్లికేట్లు తెచ్చుకోవచ్చు, తిరిగి తిరిగి తెచ్చుకున్నాను కూడా. కానీ పిల్లలు గీసిన చార్టులు, నేను చేత్తో రాసుకున్న లెసన్ ప్లాన్లు, ఒక బ్యాచ్ పిల్లలు భిన్నాల కోసం అట్టముక్కలతో చేసిన ఆట, వీటికి ఏ ఆఫీసూ డూప్లికేట్ ఇవ్వదు. తుపాను దాకా ఎందుకు, మన విశాఖలో సముద్రపు చెమ్మకి ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన ఫోటోలు నాలుగేళ్లు తిరక్కుండానే ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

అప్పటి నుంచి నా పనంతా ఆన్‌లైన్‌లో దాచుకుంటున్నాను. టీచర్ తన పనిని ఆధారాలతో చూపించడానికి ఇలా ఒకచోట పెట్టుకునేదే డిజిటల్ పోర్ట్‌ఫోలియో. అది తెలిసినవాళ్లు ట్రైనింగ్‌లోనో స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లోనో కలిసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే: "మేడం, పోర్ట్‌ఫోలియో చేసుకోమంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" బీఎడ్ చదివే పిల్లలు అడుగుతారు, ప్రైవేటు స్కూళ్లలో ఇంటర్వ్యూలకు తిరిగేవాళ్లు అడుగుతారు, అవార్డుకి అప్లై చేద్దామనుకునే సీనియర్లూ అడుగుతారు. జాతీయ ఉపాధ్యాయ పురస్కారానికి ఆన్‌లైన్ దరఖాస్తుతో పాటు పోర్ట్‌ఫోలియో కూడా పెట్టాలి, అందులో డాక్యుమెంట్లు, ఫోటోలు, ఆడియోలు, వీడియోలు, చేసిన కార్యక్రమాల రిపోర్టులు ఉండాలి. ఆఖరి వారంలో ఇవన్నీ వెతుక్కుంటూ కూర్చుంటే ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు.

ముందే ఒక మాట. చాలామంది సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి ఒక ఫోల్డర్‌లో పడేసి పోర్ట్‌ఫోలియో అయిపోయింది అనుకుంటారు. చూసేవాళ్లు వాటిని అర నిమిషంలో దాటేస్తారు. మీ క్లాసులో ఏం జరిగింది, పిల్లలకి ముందు ఏం రాదు, తర్వాత ఏం వచ్చింది, మీరు ఏం మార్చుకున్నారు, ఇవి చూపిస్తేనే ఆగి చదువుతారు. కింద చెప్పేదంతా దానికోసమే.

కావాల్సినవి

సొంత జీమెయిల్ ఒకటి. స్కూలు ఇచ్చిన మెయిల్ ఐడీ మీద చేయకండి. ఉద్యోగం మారితే ఆ ఐడీ పోతుంది, దాంతో పాటు అందులో పెట్టినదంతా పోతుంది. పైగా కొన్ని స్కూళ్ల అకౌంట్లలో బయటివాళ్లకి షేర్ చేయడం కుదరకుండా పెట్టి ఉంచుతారు. రోజూ వాడే జీమెయిల్ ఫోటోలతో నిండిపోయి ఉంటే దీనికోసం కొత్తది తెరవండి. ఒక్కో అకౌంట్‌కి ఉచితంగా వచ్చే 15 జీబీ మెయిల్‌కీ డ్రైవ్‌కీ ఫోటోలకీ కలిపి ఇచ్చేది. రికవరీ ఫోన్ నంబరు తప్పకుండా పెట్టుకోండి.

కెమెరా బాగున్న ఫోన్. డ్రైవ్ యాప్‌లోనే స్కానర్ ఉంది కాబట్టి వేరే స్కానర్ కొనక్కర్లేదు.

ఒక రోజు కంప్యూటర్. ఫోటోలు, స్కానింగు, రాసుకోవడం అంతా ఫోన్‌లో అయిపోతుంది, గూగుల్ సైట్స్‌లో (ఉచితంగా వెబ్ పేజీలు చేసుకునే చోటు) పేజీలు కట్టడానికి మాత్రం కంప్యూటర్ కావాలి. ఇంట్లో లేకపోతే స్కూల్ ల్యాబ్‌లో సెలవు రోజు అడిగి కూర్చోండి, లేదా నెట్ సెంటర్‌కి వెళ్లండి. వేరే కంప్యూటర్‌లో చేసినప్పుడు ఇన్‌కాగ్నిటో విండో (మూసేశాక మీ లాగిన్ గుర్తుపెట్టుకోని బ్రౌజర్ విండో) తెరిచి పని చేసి, అయ్యాక మరిచిపోకుండా లాగౌట్ అవ్వండి.

ఇంకా ఒక తెల్ల చార్టు, కిటికీ వెలుతురు, రెండు ఆదివారాలు. డబ్బు ఖర్చు ఏమీ లేదు. ఎవరైనా వెబ్‌సైట్ చేసిపెడతాం అని వేలకు వేలు అడిగితే ఇవ్వకండి, ఈ పనికి అది అవసరం లేదు.

1. ఎవరు చూస్తారో ముందు తేల్చుకోండి

ఇంటర్వ్యూ చేసే ప్రిన్సిపాల్ చూస్తారా, అవార్డు కమిటీ చూస్తుందా, మీ సబ్జెక్టు చెప్పే తోటి టీచర్లు చూస్తారా? ప్రిన్సిపాల్‌కి ఐదు నిమిషాలు కూడా ఉండదు, ఒక చిన్న వీడియో, రెండు మంచి పాఠాలు, పిల్లల పని, అంతే చూస్తారు. కమిటీకి ఏడాది వారీగా ఆధారాలు కావాలి. తోటి టీచర్లకి డౌన్‌లోడ్ చేసుకోవడానికి వర్క్‌షీట్లు కావాలి. ముగ్గురికీ ఒకేసారి సరిపడేలా చేద్దామని కూర్చుంటే పని మొదలే కాదు. ఒకరిని ఎంచుకుని మొదలుపెట్టండి, తర్వాత పేజీలు కలుపుకోవచ్చు.

2. పది వస్తువులు ఏరండి, పదకొండోది వద్దు

మీ దగ్గరున్నవన్నీ కింద పరిచి పది ఏరండి. నేనైతే ఇలా ఏరతాను: బాగా నడిచిన లెసన్ ప్లాన్లు రెండు, సొంతంగా చేసిన టీఎల్ఎం (బోధనోపకరణాలు) రెండు, పిల్లల నోటుపుస్తకాల్లోంచి మూడు పేజీలు, ఒక వీడియో, క్లాసు బయట చేయించిన పని ఒకటి, మీరు నేర్చుకున్నది ఒకటి.

క్లాసు బయట పని అంటే పెద్ద ఖర్చు ఉండక్కర్లేదు. మనకి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి, బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది, తొట్లకొండ బౌద్ధ క్షేత్రం ఉంది, కంబాలకొండ అడవి ఉంది. సోషల్, సైన్స్ టీచర్లకి ఇంత దగ్గర్లో ఇన్ని ఉండటం అదృష్టం. కానీ అక్కడ అందరూ వరుసగా నిలబడి దిగిన గ్రూప్ ఫోటో ఆధారం కాదు. వెళ్లేముందు పిల్లలకిచ్చిన ప్రశ్నల కాగితం, వచ్చాక ఒక పిల్ల రాసిన జవాబు, ఆ రెండూ పక్కపక్కన పెడితే అది ఆధారం.

నేర్చుకున్నది అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాలో చేసిన నిష్ఠా (టీచర్ల శిక్షణ) కోర్సు కావచ్చు, ఇంకేదైనా ట్రైనింగ్ కావచ్చు. సర్టిఫికెట్ ఒక్కటే పెడితే చాలదు, ఆ కోర్సు తర్వాత క్లాసులో ఏ ఒక్కటి మార్చారో దాని కింద రాయండి. మార్చిందేమీ లేకపోతే ఆ కోర్సు వదిలేసి ఇంకోటి ఏరుకోండి.

బీఎడ్ పిల్లలు "మాకు అనుభవమే లేదు కదా" అంటారు. టీచింగ్ ప్రాక్టీస్‌లో చెప్పిన పాఠాలు ఉన్నాయి కదమ్మా. మొదటిసారి చెప్పిన పాఠం ప్లాను, అదే పాఠం రెండో సెక్షన్‌లో చెప్పేముందు దాని మీద ఎర్ర పెన్నుతో చేసిన మార్పులు, ఈ రెండు కాగితాలు చాలు. కొత్తగా వచ్చే టీచర్‌లో ప్రిన్సిపాల్ వెతికేది అదే.

3. అనుమతి తీసుకోండి. ఇది దాటేయకండి

పిల్లల ఫోటో, పేరు, గొంతు, చేతిరాత మీద పేరు, రోల్ నంబరు, ఇవన్నీ వాళ్ల వ్యక్తిగత సమాచారం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచినా, మనల్ని నమ్మి పంపిన పిల్లల ముఖాలు ఎవరెవరి ఫోన్లలోకో వెళ్లిపోవడం మనకీ మంచిది కాదు.

నా పద్ధతి చెప్తాను. ముఖం, పేరు అసలు కనపడనివ్వను. అలా చేసినా అనుమతి తీసుకుంటాను. కాగితం మీద ఇంతే రాయిస్తాను:

"మా అమ్మాయి / అబ్బాయి చేసిన క్లాసు పని ఫోటోను, పేరూ ముఖమూ కనపడకుండా, టీచరు తన పని చూపించే ఇంటర్నెట్ పేజీలో పెట్టుకోవడానికి ఒప్పుకుంటున్నాను. వద్దని ఎప్పుడు చెప్పినా తీసేస్తారని నాకు చెప్పారు."

కింద సంతకం, తేదీ. చదవడం రాని అమ్మలకి పక్కన కూర్చుని చదివి వినిపించండి, ఫోన్‌లో పేజీ ఎలా ఉంటుందో చూపించండి. వాళ్లు తలూపితే సరిపోదు, అర్థమైందో లేదో తిరిగి అడగండి. ఒప్పుకోకపోతే ఇంకోసారి అడగొద్దు. ఈ కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి, పోర్ట్‌ఫోలియోలో పెట్టకండి, వాటి మీద పేర్లుంటాయి.

హెచ్ఎం గారికి కూడా ఒక మాట చెప్పి, వీలైతే రాసి ఇచ్చి మొదలుపెట్టండి. ప్రైవేటు స్కూల్లో పని చేసేవాళ్లయితే స్కూల్ లోగో, ప్రశ్నపత్రాలు, స్కూల్ వాళ్లు తయారు చేయించిన మెటీరియల్ మీవి కావని గుర్తుంచుకోండి. మీరు సొంతంగా చేసినవే పెట్టండి.

4. స్కాన్ చేయడం, ఫోటోలు తీయడం

కాగితాలకి: డ్రైవ్ యాప్ తెరిచి ప్లస్ గుర్తు నొక్కి స్కాన్ ఎంచుకోండి. అంచులు అదే కత్తిరించి పీడీఎఫ్ చేసేస్తుంది. ట్యూబ్‌లైట్ కింద తీస్తే మీ చెయ్యి నీడ పడుతుంది, ఉదయం కిటికీ పక్కన తీయండి. పెన్సిల్‌తో రాసిన పేజీలు బ్లాక్ అండ్ వైట్‌లో మాయమైపోతాయి, వాటికి కలర్ పెట్టండి.

మోడళ్లు, టీఎల్ఎంలు: గోడకి తెల్ల చార్టు అంటించి దాని ముందు పెట్టి తీయండి. వెనక బెంచీలు, సంచులు, చెప్పులు కనపడితే వస్తువు మీద చూపు నిలవదు. ఒక ఫోటో మొత్తం కనపడేలా, ఒకటి పిల్లల చేతులు దాన్ని వాడుతున్నట్టు. చేతులు చాలు, ముఖాలు అక్కర్లేదు.

పేర్లు దాచేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఫోన్‌లో హైలైటర్‌తో నల్లగా రుద్దుతారు. అది పైకి నల్లగా కనపడినా వెలుతురు పెంచి చూస్తే కింద పేరు చదవచ్చు. ఫోటో తీయకముందే పేరు మీద చిన్న కాగితం ముక్క పెట్టి తీయడం అన్నిటికన్నా సులువు. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీసినా కింద అక్షరాలు ఫైల్‌లో అలాగే మిగిలిపోయే అవకాశం ఉంది, అలాంటివాటిని స్క్రీన్‌షాట్ తీసి ఆ బొమ్మని పెట్టండి.

ఇంకోటి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో ఎక్కడ తీశారో ఫైల్‌లోనే రికార్డవుతుంది. కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేషన్ ట్యాగ్ ఆపేసి ఆ తర్వాత తీయండి.

5. ఫైళ్లకి పేర్లు పెట్టండి

బోరు కొట్టే పని, అయినా ఇవాళ చేయకపోతే వచ్చే ఏడాది ఏడుస్తారు. ఐఎంజీ 20240711 అన్న పేరుతో రెండు వందల ఫైళ్లుంటే ఏది ఏదో దేవుడికే తెలియాలి. నేను ముందు ఏడాది, నెల, తర్వాత తరగతి, తర్వాత పాఠం, చివర అదేమిటో రాస్తాను: 2024-07 7వ తరగతి నిష్పత్తి వర్క్‌షీట్. తేదీ ముందుంటే డ్రైవ్‌లో వరుసగా వాటంతట అవే సర్దుకుంటాయి.

ఫోల్డర్లు రెండే చేయండి. ఒకటి "దాచుకునేవి", ఇందులో ఒరిజినల్స్, సర్టిఫికెట్లు, అనుమతి కాగితాలు, ఎవరికీ షేర్ చేయనివి. రెండోది "చూపించేవి", పేర్లు దాచి సిద్ధం చేసిన పది వస్తువులు. ఈ రెండిటినీ కలిపేసి ఒకే ఫోల్డర్ లింక్ ఇచ్చేసినవాళ్లను నేను చూశాను, ఆధార్ కార్డుతో సహా అందరికీ కనపడింది.

6. ప్రతి వస్తువు కింద నాలుగు మాటలు రాయండి

పోర్ట్‌ఫోలియో నిలబడేది ఇక్కడే, పడిపోయేదీ ఇక్కడే. అందుకే దీని మీద ఎక్కువ టైం పెట్టమంటాను.

మనకి ఆఫీసు భాష అలవాటైపోయింది. చేయి పెట్టగానే ఇలా వచ్చేస్తుంది: "విద్యార్థులలో సృజనాత్మకతను పెంపొందించుటకు వినూత్న పద్ధతులలో బోధించడమైనది." ఈ వాక్యం ఏ టీచరైనా ఏ పాఠం గురించైనా రాయచ్చు, అందుకే దాని వల్ల మీ గురించి ఏమీ తెలియదు.

దాని బదులు నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. పిల్లలకి ఎక్కడ ఇబ్బంది వచ్చింది? నేను ఏం చేశాను? ఏం మారింది, అది మారిందని నాకెలా తెలుసు? ఇంకా ఏం మిగిలింది? ఉదాహరణకి ఒక లెక్కల టీచర్ ఇలా రాయచ్చు:

"7వ తరగతి, నిష్పత్తి. మా క్లాసులో చాలామందివి చేపల వేటకి వెళ్లే కుటుంబాలు. పడవ ఖర్చులు పోగా మిగిలిన డబ్బు వాటాలు వేయడం ఇంట్లో చూస్తూనే ఉంటారు, నోటితో లెక్క చెప్పేస్తారు, కాగితం మీద 3:2 అని కనపడగానే ఆగిపోతారు. అందుకని పుస్తకంలో లెక్కల కన్నా ముందు రెండు పీరియడ్లు వాటాల లెక్కలే చేయించాను. చింతపిక్కలతో పంచి, ఆ పంపకాన్ని బొమ్మగా గీసి, ఆ తర్వాతే గుర్తులతో రాశారు. మొదటి రోజు స్లిప్ టెస్టులో ఐదు లెక్కలకి నాలుగైనా చేసినవాళ్లు 36 మందిలో 9 మంది. పది రోజుల తర్వాత అలాంటివే ఐదు ఇస్తే 24 మంది చేశారు. మిగిలిన 12 మంది పేపర్లు చూస్తే ఎక్కువమందికి చిక్కు భాగహారంలో ఉంది. వచ్చే ఏడాది ఈ పాఠానికి ముందు ఒక వారం భాగహారానికి ఇస్తాను."

ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. అయినా ఆ టీచర్ పిల్లల్ని చూసి పాఠం చెప్తారని, పేపర్లు దిద్ది పక్కన పడేయరని తెలిసిపోతుంది. ఆ ఆఖరి రెండు వాక్యాలు తీసేయాలని మీకు అనిపిస్తుంది, రాలేదని ఒప్పుకోవడం ఎందుకని. తీయకండి. అనుభవమున్నవాళ్లు చదువుతూ చదువుతూ ఆగేది అక్కడే.

అంకెలు వేసేటప్పుడు మాత్రం నిజాయితీగా ఉండండి. "100 శాతం ఫలితాలు" అని ఒక్క ముక్క రాస్తే ముందు ఎంత ఉండేదో, ఎంతమంది పిల్లలో తెలియదు. ముందూ తర్వాతా రెండూ వేయండి, శాతం కన్నా మనుషుల లెక్కలో వేయండి. ముందు టెస్టు పెట్టుకోలేదా? అయితే అంకె వేయకండి, ఒకే పిల్ల జూన్‌లో రాసిన పేజీ, నవంబర్‌లో రాసిన పేజీ పక్కపక్కన పెట్టండి.

తెలుగులో రాయాలా ఇంగ్లిష్‌లోనా అని అడుగుతారు. మీరు ఏ భాషలో ఆలోచిస్తే అందులో రాయండి. ఇంగ్లిష్ మీడియం స్కూల్‌కి పంపేదైతే రెండు ముఖ్యమైన వస్తువులకి ఇంగ్లిష్‌లో కూడా రాసి కింద పెట్టండి. టైపింగ్ రాకపోతే ఫోన్‌లో గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుని మైక్ నొక్కి మాట్లాడితే అదే టైప్ చేస్తుంది, తర్వాత తప్పులు దిద్దుకోవచ్చు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన పాత ఫైళ్లు మాత్రం కాపీ చేసి పేస్ట్ చేయకండి, అక్షరాలన్నీ పిచ్చి గుర్తులుగా మారిపోతాయి. వాటిని పీడీఎఫ్‌గా పెట్టండి, లేదా యూనికోడ్‌లో (ఫోన్‌లో మనం టైప్ చేసే మామూలు తెలుగు) మళ్లీ కొట్టండి.

7. పేజీలు కట్టడం

కంప్యూటర్‌లో సైట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి, ప్లస్ గుర్తున్న ఖాళీ సైట్ నొక్కండి. కుడిపక్క ఇన్సర్ట్, పేజెస్, థీమ్స్ అని మూడు ఉంటాయి. థీమ్స్‌లో అన్నిటికన్నా సాదాది ఎంచుకుని దాని జోలికి మళ్లీ వెళ్లకండి. రంగులు మార్చుకుంటూ కూర్చుంటే ఒక ఆదివారం అయిపోతుంది.

పేజీలు నాలుగు చాలు. మొదటిది మీ గురించి: ఫోటో, ఏ సబ్జెక్టు, ఏ తరగతులు, ఎన్నేళ్లుగా, పిల్లలు ఎలా నేర్చుకుంటారని మీరు అనుకుంటున్నారో ఐదారు వాక్యాలు. రెండోది నా పాఠాలు. మూడోది పిల్లల పని. నాలుగోది నేను నేర్చుకున్నవి. ఫైళ్లు పెట్టడానికి ఇన్సర్ట్‌లో డ్రైవ్ నొక్కి "చూపించేవి" ఫోల్డర్‌లోంచి ఎంచుకోండి. ముందు మీరు రాసిన నాలుగు మాటలు, వాటి కింద ఫోటో, ఆ కింద పీడీఎఫ్. తలకిందులుగా పెడితే ఫైల్ చూసి వెళ్లిపోతారు, మీ మాట చదవరు.

పెట్టకూడనివి: ఆధార్, పాన్, సర్వీస్ రిజిస్టర్ పేజీలు, జీతం స్లిప్పు, హాల్‌టికెట్ నంబర్లూ పుట్టిన తేదీలూ ఉన్న మార్కుల మెమోలు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు. మిమ్మల్ని కలవాలంటే ఈమెయిల్ ఒక్కటి చాలు. డిగ్రీల పేర్లు, ఏడాది, యూనివర్సిటీ రాయండి, ఒరిజినల్ అడిగితే అప్పుడు విడిగా చూపిస్తారు. పాఠ్యపుస్తకం పేజీలు స్కాన్ చేసి పెట్టొద్దు, పాఠం పేరు రాస్తే చాలు.

కంప్యూటర్ అసలు దొరకదు అంటే ఇంకో దారి ఉంది. ఫోన్‌లో గూగుల్ స్లైడ్స్ తెరిచి ఒక్కో వస్తువుకి ఒక్కో స్లైడ్ చేసుకోండి, పది వస్తువులకి పది, ముందు మీ గురించి ఒకటి. దాన్నే పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ చేసి వాట్సాప్‌లో పంపచ్చు. చూసేవాళ్లకి నెట్ సరిగ్గా లేకపోయినా తెరుచుకుంటుంది. కొందరు డిజైన్లు చేసుకునే కాన్వా యాప్‌లో చేస్తారు, అదీ బాగానే ఉంటుంది, తెలుగు ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

8. వీడియో

మూడు నుంచి ఐదు నిమిషాలు. 45 నిమిషాల పీరియడ్ మొత్తం ఎవరూ చూడరు. ఫోన్ అడ్డంగా పెట్టి, క్లాసు వెనకాల బెంచీ మీద పుస్తకాలకి ఆనించి తీయండి. వెనక నుంచి తీస్తే మీరు, బోర్డు కనపడతారు, పిల్లల వీపులే కనపడతాయి, ముఖాల గొడవ చాలావరకు తీరుతుంది. అయినా పిల్లలు వెనక్కి తిరిగి చూసిన చోటు, మీరు పేరు పెట్టి పిలిచిన చోటు కత్తిరించాలి.

వీడియోలు పాడయ్యేది బొమ్మ వల్ల కాదు, శబ్దం వల్ల. ఫ్యాను, కిటికీలోంచి వచ్చే గాలి, పక్క క్లాసు, ఇవన్నీ కలిసి మీ మాట మింగేస్తాయి. ఇంకో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి జేబులోనో మెడలోనో పెట్టుకోండి, తర్వాత ఆ శబ్దాన్ని వీడియోకి కలపచ్చు. అది కష్టమనిపిస్తే ఫ్యాను ఐదు నిమిషాలు ఆపండి, ఉదయం మొదటి పీరియడ్‌లో ఆ మాత్రం ఓర్చుకోవచ్చు.

యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేసి "అన్‌లిస్టెడ్" పెట్టండి. లింక్ ఉన్నవాళ్లకే కనపడుతుంది, వెతికితే దొరకదు. "ప్రైవేట్" పెడితే మీరు విడిగా పిలిచినవాళ్లు తప్ప ఇంకెవరూ చూడలేరు, ఇంటర్వ్యూ రోజు తెర మీద నల్ల డబ్బా కనపడేది అందుకే. అన్‌లిస్టెడ్ లింక్ అందినవాళ్లు ఇంకొకరికి పంపగలరు, కాబట్టి పిల్లల విషయంలో జాగ్రత్త ఇక్కడా తగ్గించకండి.

9. పబ్లిష్ చేసి లింక్ తీసుకోండి

పైన కుడివైపు పబ్లిష్ నొక్కితే అడ్రస్ అడుగుతుంది. ఇందులో స్కూల్ పేరు, ఊరు, ఏడాది పెట్టకండి, బదిలీ అయితే పాతబడిపోతుంది. మీ పేరు, సబ్జెక్టు చాలు, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. అక్కడే సెర్చ్ ఇంజిన్లలో కనపడొద్దని అడిగే టిక్ ఒకటి ఉంటుంది. లింక్ ఇచ్చినవాళ్లే చూడాలనుకుంటే అది పెట్టండి, నేనైతే పెట్టమనే చెప్తాను.

ఇక్కడ నూటికి తొంభై మంది జారిపడే గొయ్యి ఒకటుంది. సైట్‌కి ఒక అనుమతి, అందులో పెట్టిన డ్రైవ్ ఫైళ్లకి వేరే అనుమతి. సైట్ అందరికీ తెరుచుకుంటుంది, ఫైల్ దగ్గరికి వచ్చేసరికి అనుమతి కోసం అడగండి అని వస్తుంది. మీకు మాత్రం అన్నీ బాగానే కనపడతాయి, ఎందుకంటే ఫైళ్లు మీవే కదా. డ్రైవ్‌లో "చూపించేవి" ఫోల్డర్ మీద షేర్ నొక్కి, లింక్ ఉన్న ఎవరైనా చూడచ్చు అని మార్చండి. "వ్యూయర్" అనే ఉండాలి. పొరపాటున "ఎడిటర్" అని పెడితే ఎవరైనా మీ ఫైళ్లు మార్చేయగలరు, తీసేయగలరు.

ఇంకో చిన్న సంగతి: తర్వాత ఎప్పుడు సైట్‌లో మార్పులు చేసినా మళ్లీ పబ్లిష్ నొక్కాలి. లేకపోతే మార్పులు మీకు మాత్రమే కనపడుతూ ఉంటాయి, బయటివాళ్లకి పాతదే కనపడుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మీ ఫోన్‌లో చూసి బాగుంది అనుకోకండి. ఈ వరుసలో చూడండి.

ముందు ఇన్‌కాగ్నిటో విండోలో లింక్ తెరవండి. అప్పుడు గూగుల్‌కి మీరెవరో తెలియదు కాబట్టి బయటివాళ్లకి కనపడేదే మీకూ కనపడుతుంది. ప్రతి ఫైల్ నొక్కండి, ప్రతి వీడియో పది సెకన్లు ఆడించండి.

తర్వాత ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద. పేజీ తెరుచుకోవడానికి చాలా సేపు పడితే ఫోటోలు బరువుగా ఉన్నట్టు, వాటిని చిన్నవి చేయండి.

ఆ తర్వాత మీ సబ్జెక్టు కాని ఒక టీచర్‌ని పిలిచి చూపించండి. మీరేమీ చెప్పకండి, పక్కన కూర్చోండి చాలు. మూడు నిమిషాలయ్యాక ఫోన్ తీసుకుని "నేను ఎలాంటి టీచర్‌నని అర్థమైంది?" అని అడగండి. "బాగుందండీ, చాలా చేశారు" అంటే ఇంకా పని ఉందని అర్థం, ఆరో మెట్టుకి తిరిగి వెళ్లండి. "మీరు పిల్లల ఇంటి విషయాలతో లెక్కలు మొదలుపెడతారు కదా" అని ఒక నిర్దిష్టమైన మాట అన్నారంటే వచ్చేసినట్టే.

చివరగా పిల్లల కోసం ఒక్కసారి. ప్రతి ఫోటో పెద్దది చేసి మూలమూలలా వెతకండి: నోటుపుస్తకం అట్ట మీద పేరు, ఐడీ కార్డు, గోడ మీద రాసిన రోల్ నంబర్ల లిస్టు, కిటికీ అద్దంలో పడిన ముఖం. నేను ఎంత జాగ్రత్తగా చూసినా వెనక గోడ మీదున్న పుట్టినరోజుల చార్టు ఒకసారి తప్పించుకుంది, అందులో పిల్లల పేర్లూ తేదీలూ అన్నీ ఉన్నాయి. ఆ రోజే తీసేశాను. అప్పటి నుంచి ఈ పని ఇంకొకరితో కూడా చేయిస్తాను.

తర్వాత ఎలా చూసుకోవాలి

నెలకి ఒక్క అరగంట చాలు. నేను రెండో శనివారం పెట్టుకున్నాను. ఆ నెలలో బాగా నడిచిన ఒక్క పని స్కాన్ చేసి నాలుగు మాటలు రాసి "దాచుకునేవి"లో పెడతాను. ఏడాది చివర్లో అందులోంచి మంచివి పైకి తెస్తాను, పాతవి తీస్తాను. పది అన్న లెక్క దాటనివ్వను.

ఏడాదికోసారి గూగుల్ టేకౌట్‌తో మొత్తం డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్కులోనో పెట్టండి. దీనికోసం కొత్త జీమెయిల్ తెరిచినవాళ్లకి ఇంకో హెచ్చరిక: రెండేళ్ల పాటు అసలు వాడని అకౌంట్లను గూగుల్ తీసేయచ్చు. రెండో శనివారం అలవాటుంటే ఆ భయం లేదు.

రెజ్యూమే మీద పెద్ద లింక్ టైప్ చేయకండి, చూసి కొట్టుకునే ఓపిక ఎవరికీ ఉండదు. క్రోమ్‌లో పేజీ తెరిచి షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, ఆ బొమ్మని రెజ్యూమేలో పై మూలన పెట్టండి. ప్రింట్ తీశాక మీరే ఒకసారి స్కాన్ చేసి చూడండి, జిరాక్స్ సెంటర్లో ఇంక్ తక్కువున్న మెషీన్‌లో తీస్తే కొన్నిసార్లు చదవదు.

బదిలీ అయినవాళ్లు అడిగేది: పాత స్కూల్లో చేసినవి ఉంచాలా, తీయాలా? మీ పని ఉంచండి, పిల్లల పనికి అనుమతి కాగితం ఉంటే అదీ ఉంచండి. స్కూల్ లోపలి ఫోటోలు, లోగో ఉన్నవి మాత్రం వెళ్లేముందే హెచ్ఎం గారిని అడిగి తేల్చుకోండి. వెళ్లిపోయాక అడగడానికి మొహమాటంగా ఉంటుంది, వాళ్లకి చెప్పడానికీ ఇబ్బందే. అనుమతి కాగితాల కట్ట కొత్త స్కూల్‌కి మీ వెంటే తీసుకెళ్లండి.